బావి నీళ్లలో మలినం ఎక్కడి నుంచి వచ్చింది? – పరిశీలక బావుల గురించి కొన్ని మాటలు



వార్డులో మీ మనిషి మంచం పక్కన కూర్చుని మీరు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టరమ్మా, ఇదంతా మా నీళ్లతోటే వచ్చిందా?" కీళ్ల నొప్పులకు, కిడ్నీ జబ్బుకు, చర్మం మీద దద్దుర్లకు, అన్నిటికీ ఇదే ప్రశ్న. దానికి వెంటనే అవునని గాని కాదని గాని చెప్పేవారిని నమ్మకండి. నేను కూడా ఒకప్పుడు అలా వెంటనే చెప్పిన దాన్నే. ఆ సంగతి ముందుగా చెబుతాను.

కొన్నేండ్ల కిందట ఒక అవ్వ మూడు నెలల మనవరాలిని ఎత్తుకొని పరుగున వచ్చింది. పాప పెదవులు, గోళ్లు నీలంగా ఉన్నాయి. ఆక్సిజన్ పెట్టాము, రంగు మారలేదు. పరీక్షకు రక్తం తీస్తే సిరంజిలోకి ఎర్రగా రావలసినది చాక్లెట్ రంగులో వచ్చింది. డాక్టరు గారు అది చూసి మొదట అడిగిన మాట, "పాలు ఏ నీళ్లతో కలుపుతున్నారు?" తల్లికి పాలు చాలక డబ్బా పాలు పడుతున్నారు. నీళ్లు ఇంటి ముందరి బోరువి. మెథిలీన్ బ్లూ ఇంజెక్షన్ ఇచ్చాక గంటలోపే పెదవులకు రంగు వచ్చింది. దేవుని దయవల్ల పాప బతికింది.

అయితే అంతకు రెండు వారాల ముందు ఆ పాపనే విరేచనాలని తీసుకొస్తే, "నీళ్లు బాగా కాచి కలుపు అవ్వా" అని చెప్పింది నేనే. ఆమె నా మాట తప్పలేదు. గిన్నెలో నీళ్లు సగమయ్యే దాకా మరగబెట్టింది. కాచితే క్రిములు చస్తాయి, నిజమే. కాని ఆ నీళ్లలో ఉన్నది నైట్రేటు అనే లవణం. అది కాచితే పోదు. నీరు ఆవిరై పోతుంది, లవణం గిన్నెలోనే మిగిలి ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడ్, ఆర్సెనిక్ సంగతి కూడా ఇంతే. నైట్రేటు పసిపిల్లల కడుపులో నైట్రైటుగా మారి రక్తంలో చేరితే, రక్తం ప్రాణవాయువును మోయలేదు. ఆరు నెలల లోపు పిల్లలకు ఇది చాలా ప్రమాదం. తల్లిపాలు తాగే బిడ్డకు ఈ భయం దాదాపు లేదు, ఎందుకంటే తల్లి తాగిన నీళ్లలోని నైట్రేటు ఆమె పాలలోకి అంతగా రాదు.

బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే నైట్రేటు చాలా ఎక్కువగా ఉన్నట్టు తేలింది. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. ఊళ్లో ఆ కాగితం చూపించగానే గొడవ మొదలైంది. ఒకరు ఆ పక్కనున్న ఫ్యాక్టరీ గోడ చూపించారు. ఒకరు బొగ్గుబాయి నీళ్లే ఇంకి వచ్చాయన్నారు. ఇంకొకరు మందులు కొట్టిన పత్తి చేలంటారు. అందరి మాటా నిజమే అనిపించేలా ఉంది. ఆ కాగితంలో మాత్రం నీళ్లలో ఏముందో ఉంది, ఎక్కడి నుంచి వచ్చిందో లేదు.

అది తెలుసుకోవడానికి వేరే రకం బావులు కావాలి. వాటిని పరిశీలక బావులు అంటారు. భూగర్భ జల శాఖ వారు వేసే పీజోమీటర్లు కూడా ఈ కుటుంబానివే. మండలాల్లో రోడ్డు పక్కన, బడి ఆవరణలో, మూత వేసి తాళం పెట్టిన సన్నని పైపు మీరు చూసే ఉంటారు. అది ఎండిపోయిన బోరు అనుకుంటాము, పిల్లలు దాని మీద కూర్చుంటారు. నిజానికి నేల కింద జరిగేది చూడడానికి మనకున్న కిటికీ అదే.

నేల కింద నీళ్లు ఎటు పోతాయి?

మన కాసిపేట, మందమర్రి, రామగుండం వైపు బాయి అంటే రెండర్థాలు. నీళ్ల బావీ బాయే, బొగ్గు గనీ బాయే. "మా ఆయన బాయికి పోయిండు" అంటే స్నానానికి కాదు, డ్యూటీకి. ఈ రెండు బాయిలకూ నేల కింద చుట్టరికం ఉంది. గనిలో నీరు నిండకుండా రాత్రింబగళ్లు పంపులు తోడుతాయి. అలా తోడినప్పుడు చుట్టుపక్కల భూగర్భ నీటిమట్టం ఆ వైపుకు వాలుతుంది. మీ పొలంలో పెద్ద మోటరు నడిపినా చిన్న ఎత్తున జరిగేది ఇదే. అందుకని పైన నేల వాలు ఎటుందో చూసి, కింద నీరు కూడా అటే పోతుందని అనుకోవడానికి లేదు.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక బావి ఉన్నచోట నేల ఎత్తు సముద్రమట్టానికి 200 మీటర్లు. అందులో నీరు 12 మీటర్ల లోతున తగిలింది. అంటే నీటి ఎత్తు 188. ఇంకో బావి పల్లంలో ఉంది, నేల ఎత్తు 195. అందులో నీరు 5 మీటర్లకే ఉంది. అంటే నీటి ఎత్తు 190. నేల మొదటి బావి నుంచి రెండోదానికి వాలి ఉన్నా, కింద నీరు మాత్రం రెండోదాని నుంచి మొదటిదానికి పోతుంది. కంటికి ఇది ఎదురుగా కనబడుతుంది గాని నీటికి తెలిసింది నీటి ఎత్తు ఒక్కటే.

రెండు బావులతో నీరు ఏ దిక్కుకు పోతుందో కచ్చితంగా చెప్పలేము. కనీసం మూడు కావాలి, అవి ఒకే వరుసలో కాకుండా ముక్కాలి పీట కాళ్ల మాదిరిగా ఉండాలి. మూడింటిలోనూ ఒకే రోజు నీటిమట్టం కొలవాలి. ప్రతి పైపు అంచు ఎత్తును సర్వే పరికరంతో సెంటీమీటరు దాకా కొలిచి రాసిపెట్టాలి. నీటిమట్టాల తేడా ఒక్కోసారి జానెడు కూడా ఉండదు, పైపు ఎత్తు తప్పుగా రాస్తే దిక్కే తారుమారవుతుంది.

నీరు పోయే వేగం కూడా మనం అనుకున్నట్టు ఉండదు. వాగులా పరుగెత్తదు. కొన్నిచోట్ల ఏడాదికి కొన్ని మీటర్లు, కొన్నిచోట్ల వందల మీటర్లు. మన బొగ్గు పొరల చుట్టూ ఉన్న ఇసుకరాతిలో రేణువుల సందుల్లోంచి మెల్లగా నడుస్తుంది. దేవాపూర్ వైపు సున్నపురాయిలో నెర్రెలు, కరిగి ఏర్పడిన సొరంగాలు ఉంటే ఒక్కసారిగా దూకుతుంది. కాబట్టి ఒకచోట ఇరవై ఏండ్ల కింద పారబోసినది ఈరోజు ఇంకొకరి బావిలో తేలవచ్చు. పారబోసినవారు అప్పటికి మూటా ముల్లె సర్దుకొని వెళ్లిపోయి కూడా ఉండవచ్చు.

పరిశీలక బావి ఎలా వేయాలి?

అనుమానం ఉన్న స్థలానికి ఎగువన, అంటే భూగర్భ నీరు వచ్చే వైపున, కనీసం ఒక బావి ఉండాలి. ఇది లేకపోతే మిగతావన్నీ వృథా అని నా అభిప్రాయం. ఎందుకంటే కొన్ని మలినాలు రాతిలోంచే వస్తాయి. నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ ఏ ఫ్యాక్టరీ పోసింది కాదు, అక్కడి గ్రానైటు రాతిదే. ఎగువ బావిలోనూ అదే మలినం అంతే ఉంటే, మధ్యలో ఉన్నవారిని నిందించలేము. ఎగువన లేక దిగువన ఉంటే మాత్రం వారు జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

దిగువన ఒకటి సరిపోదు. మలినం నేల కింద అగరుబత్తి పొగ మాదిరిగా సన్నని పాయగా సాగుతుంది, ఆ పాయకు పది గజాల పక్కన బావి వేస్తే శుభ్రమైన నీరే దొరుకుతుంది. అందుకని పాయకు అడ్డంగా వరుసగా కొన్ని వేస్తారు. ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి ఉంది. తమ ప్రహరీ గోడ లోపల వేసుకున్న బావుల రిపోర్టులు ఎన్ని చూపించినా, గోడ బయట ఏమైందో అవి చెప్పవు. మలినానికి గోడ కనబడదు. బయట, పక్కవారి పొలంలో, ఊరి బాటలో, ఆ యజమానుల అనుమతి తీసుకొని బావులు వేయాలి. మలినానికీ ఊరి తాగునీటి బావులకూ నడుమ ఒకటి రెండు కాపలా బావులు కూడా ఉండాలి. మలినం ఊరిని చేరేలోపు అవి ముందుగా చెబుతాయి. అనుమతి ఇవ్వడానికి రైతులు వెనకాడతారు, భూమి విలువ పడిపోతుందని. ఆ భయం అర్థం చేసుకోదగినదే గాని, బావి వేయనంత మాత్రాన నీరు బాగుపడదు.

లోతు సంగతి ఇంకా కీలకం. మన ఊరి బోర్లకు పైనున్న మెత్తని నేల వరకే కేసింగు పైపు దించుతారు. కింద రాతిలో బొక్క తెరిచే ఉంటుంది. అందులోకి అన్ని లోతుల నీళ్లు వచ్చి కలుస్తాయి. పై పొరలో విషం ఉన్నా, కింది మంచినీటితో కలిసి పరీక్షలో తక్కువగా కనబడుతుంది. అంతకన్నా ప్రమాదం, పై పొర మలినం ఆ బొక్క గుండానే కింది పొరకు దిగుతుంది. తాగే బోరు తాగడానికే, సాక్ష్యం చెప్పడానికి అది పనికిరాదు.

పరిశీలక బావిలో జల్లెడ చీలికలున్న పైపు ముక్కను ఒకే పొరలో, సాధారణంగా మూడు మీటర్ల పొడవుకు మించకుండా దించుతారు. దాని చుట్టూ కడిగిన గులక ఇసుక పోస్తారు. ఆ పైన బెంటొనైట్ అనే బంకమట్టి వేస్తారు. అది నీళ్లు తగలగానే ఉబ్బి బిరడాలా బిగుసుకుంటుంది. దాని పైన నేల మట్టం దాకా సిమెంటు కలిపిన ముద్ద, అందరికీ కనబడే చోట వాలుగా కాంక్రీటు దిమ్మ, మూత, తాళం. ఈ బిరడా సరిగా లేకపోతే వాననీరు పైపు పక్క నుంచి జారి లోపలికి పోతుంది. అప్పుడు ఆ బావి మలినాన్ని కనిపెట్టేది కాదు, మలినాన్ని దించేది అవుతుంది. కేసింగు ముక్కలను గమ్‌తో అతికించకూడదు, మరలతో బిగించాలి. గమ్‌లోని రసాయనాలే పరీక్షలో బయటపడతాయి. బోరుబండి కంప్రెషరు గాలిలో నూనె తుంపరలు ఉండకూడదు. ముందు శుభ్రమైన చోట వేసి, అనుమానమున్న చోట చివరగా వేయాలి, మధ్యలో పనిముట్లు కడగాలి. ఆపరేషన్ థియేటరులో మేము పాటించే పద్ధతే ఇది. శుభ్రమైన గాయానికి ముందు కట్టు, చీము పట్టినదానికి తరువాత.

మలినం స్వభావాన్ని బట్టి కూడా లోతు మారుతుంది. డీజిలు, పెట్రోలు నీటి మీద తేలుతాయి. వాటి కోసమైతే జల్లెడ నీటిమట్టం పైనా కిందా రెండువైపులా ఉండాలి. క్లోరిన్ కలిసిన కొన్ని ద్రావకాలు నీటి కన్నా బరువు, అవి అడుగుకు దిగి రాయి మీద కూర్చుంటాయి. వాటిని వెతకాలంటే ఒకేచోట రెండు మూడు లోతుల్లో వేరువేరు బావులు వేయాలి. బావి వేసిన వెంటనే నీళ్లు పట్టకూడదు, తేటపడే దాకా తోడాలి. తరువాత ప్రతిసారీ పైపులో నిలిచిన పాత నీటికి మూడింతలు తోడి, కొత్త నీరు వచ్చాక సీసా నింపాలి. నిలవ నీరు పరీక్షిస్తే పైపు గురించి తెలుస్తుంది, నేల గురించి కాదు.

పటాన్‌చెరు నేర్పినది

ఇదంతా ఎవరికి అవసరమని మీరు అనుకోవచ్చు. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక ప్రాంతాల చుట్టూ ఉన్న పల్లెలను చూడండి. 1970ల నుంచి అక్కడ మందుల, రసాయనాల ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటి వ్యర్థజలాలు నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి చేరాయి. మంజీర మన గోదావరికి ఉపనది. అక్కడ వైద్యం చేసిన డాక్టర్ కిషన్‌రావు గారి వంటివారు పోరాడారు, 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1994లో ఫ్యాక్టరీల మురుగునంతా శుద్ధి చేయడానికి ఉమ్మడి కేంద్రం మొదలైంది.

2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ శుద్ధి కేంద్రం నుంచి బయటకు వచ్చే నీటిని పరీక్షించి ప్రచురించిన లెక్క ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసింది. శుద్ధి అయ్యాక కూడా ఆ నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మందు కన్నా ఇది ఎక్కువ. 2009లో వారే ఆరు పల్లెల బావుల నీళ్లు కూడా పరీక్షించారు. అన్నిటిలోనూ మందులు బయటపడ్డాయి. కొన్ని బావుల్లో సిప్రోఫ్లోక్సాసిన్, సెట్రిజిన్ వంటివి లీటరుకు ఒక మైక్రోగ్రాముకు మించి ఉన్నాయి. సెట్రిజిన్ అంటే జలుబుకు, దురదకు మన వార్డులో రోజూ ఇచ్చే మాత్రే. మైక్రోగ్రాము చాలా చిన్న మోతాదు, దానితో ఒక మనిషి ఆ పూటకు పడిపోడు. కాని క్రిములకు ప్రతిరోజూ కొంచెం కొంచెం మందు అలవాటు చేస్తే, రేపు మనకు జబ్బు చేసినప్పుడు అదే మందు పనిచేయదు.

ఆ పరిశోధనలో నాకు అన్నిటికన్నా ఆలోచన కలిగించినది ఇంకొకటి. ఆ శుద్ధి కేంద్రం నీరు చేరని రెండు చెరువుల్లో కూడా మందులు పెద్ద మోతాదులో దొరికాయి. అంటే మలినానికి ఇంకో దారి కూడా ఉంది. అందరూ ఒకే గొట్టం వైపు వేలు చూపిస్తుంటే, వేరే దారిన పారబోసేవారు హాయిగా తప్పించుకుంటారు. దారులన్నీ విడదీసి చూపించగలిగేది సరైన చోట, సరైన లోతున వేసిన బావులే.

బంగ్లాదేశ్‌లో జరిగినది వేరే రకం. చెరువు నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని 1970ల నుంచి యూనిసెఫ్ సాయంతో ఊరూరా గొట్టపు బావులు వేశారు. మంచి మనసుతో చేసిన పని. 1993లో ఆ నీళ్లలో ఆర్సెనిక్ ఉందని తేలింది. నేలలోనే ఉన్న విషం. ఆ తరువాత ప్రతి బావినీ విడివిడిగా పరీక్షించి, మంచిదానికి ఆకుపచ్చ రంగు, చెడ్డదానికి ఎరుపు వేశారు. ఒకే వాకిట్లో ఒకటి ఎరుపు, పక్క వాకిట్లో ఒకటి ఆకుపచ్చ ఉన్న ఊళ్లున్నాయి. లోతు వేరైతే నీరు వేరు. "పక్కింటి బోరు పరీక్ష బాగుంది, మాదీ బాగే" అనుకోవద్దని మేము చెప్పేది ఇందుకే. ఇశ్రాయేలీయులు మారా దగ్గర నోట పెట్టగానే నీళ్లు చేదని తెలుసుకున్నారు. నైట్రేటుకు, ఆర్సెనిక్‌కు ఆ చేదు కూడా లేదు.

ఇంతకీ ఆ పాప ఊరు

ఆ అవ్వ ఊరికి భూగర్భ జలాలు తెలిసిన ఒక పెద్దమనిషి వచ్చారు. కొత్త బావులు వేయడానికి డబ్బు లేదు. ఊరి చుట్టూ వాడకుండా వదిలేసిన మూడు చేదబావులు ఎంచుకొని, చుట్టుపక్కల మోటర్లన్నీ ఒక రాత్రంతా ఆపించి, తెల్లవారి టేపుతో నీటిమట్టాలు కొలిచారు. నీరు ఊరి నుంచి ఫ్యాక్టరీ గోడ వైపుకు పోతోందని తేలింది, గోడ నుంచి ఊరికి కాదు. అవ్వ ఇంటి బోరుకు ఎగువన ఏముందని చూస్తే, పశువుల కొట్టం, ఎన్నో ఏండ్ల పెంటకుప్ప, బోరుకు పది అడుగుల లోపే అడుగు లేని మరుగుదొడ్డి గుంత. బోరు చుట్టూ సిమెంటు గట్టు లేదు. వానాకాలం పెంటకుప్ప నీరు కేసింగు పక్కనుంచే దిగుతోంది.

ఊరివారికి ఇది రుచించలేదు. గోడ వైపు చూపించిన వేళ్లను ఇంటి వెనక్కి తిప్పుకోవడం కష్టం. అయితే నేను ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ మూడు బావులు నైట్రేటు సంగతి మాత్రమే తేల్చాయి. ఫ్యాక్టరీ నేలలోకి ఏమీ వదలడం లేదని అవి చెప్పలేదు, చెప్పలేవు కూడా. దానికి గోడకు అవతల, నీరు పోయే దిక్కున బావులు కావాలి. ఆ దిక్కున ఇంకో పల్లె ఉంది. ఆ పల్లెలో అప్పటికి ఒక్క పరిశీలక బావి కూడా లేదు.

మీరు అడగదగినవి

బొగ్గు గనులకు కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చే అనుమతుల్లో సాధారణంగా ఒక షరతు ఉంటుంది. చుట్టూ ఉన్న బావులతో పాటు కొత్త పీజోమీటర్లు వేసి, భూగర్భ నీటిమట్టాన్ని, నాణ్యతను ఏడాదికి నాలుగుసార్లు, మే, ఆగస్టు, నవంబరు, జనవరిలలో చూడాలని. షరతులు ఎలా పాటిస్తున్నారో ఆరు నెలలకొకసారి నివేదిక ఇవ్వాలి. ప్రజాభిప్రాయ సేకరణ సభ జరిగినప్పుడు మనవాళ్లు ఉద్యోగాల గురించి, నష్టపరిహారం గురించి అడుగుతారు. అవి అడగవలసినవే. వాటితో పాటు "పరిశీలక బావులు ఎక్కడ, ఎగువన ఎన్ని, గోడ బయట ఎన్ని, ఒక్కొక్కదాని జల్లెడ ఏ లోతులో ఉంది, పోయిన మే నెల రిపోర్టు ఏది" అని కూడా అడగండి. రిపోర్టు ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. ఒక్క నెల రిపోర్టు చూసి ఏమీ తేల్చకండి. వానకు ముందు, వాన తరువాత రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇంట్లో చేయవలసినది తక్కువే. మిషన్ భగీరథ నల్లా వచ్చే ఊళ్లలో తాగడానికి, వంటకు ఆ నీళ్లే వాడండి. నల్లా రాని రోజు బోరు నీళ్లు పట్టుకుంటారని మాకు తెలుసు. అలాంటప్పుడు పసిపిల్లల పాలకు మాత్రం పరీక్షించని బోరు నీళ్లు వద్దు. బోరు ఇంకా లోతుకు దించితే మంచినీరే పడుతుందని అనుకోకండి, కొన్నిచోట్ల లోతుకు పోయిన కొద్దీ ఫ్లోరైడ్ పెరుగుతుంది.

నీళ్లు పరీక్షకు తెచ్చేవారు చాలామంది కూల్‌డ్రింకు సీసాలో, సగం నింపి, ఎప్పుడు పట్టారో చెప్పకుండా తెస్తారు. ఆ సీసాతో మేము ఏమీ చేయలేము. రసాయనాల పరీక్షకు రెండు లీటర్ల శుభ్రమైన ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. మోటరు పది నిమిషాలు నడిచాక, అదే నీటితో డబ్బాను మూడుసార్లు కడిగి నిండుగా పట్టి, గాలి లేకుండా మూత బిగించండి. క్రిముల పరీక్షకు మాత్రం వేరే స్టెరైల్ సీసా కావాలి, అది మన ల్యాబులో అడిగి తీసుకెళ్లండి, లోపల వేలు పెట్టవద్దు, కడగవద్దు, నీళ్లు పట్టిన రోజే తిరిగి తీసుకురండి. రెండింటి మీదా కాగితం అతికించి, తేదీ, సమయం, బోరు లోతు, కేసింగు ఎన్ని అడుగులు, మరుగుదొడ్డి, పెంటకుప్ప ఎంత దూరంలో ఉన్నాయో రాయండి. కేసింగు లోతు గుర్తులేకపోతే బోరు వేసినవారి బిల్లు మీద ఉంటుంది.